బరువు దించే రేవు: మత్రా పట్టణ చరిత్ర



అరేబియా ద్వీపకల్పపు తూర్పు కొసన, ఒమన్ రాజధాని మస్కట్‌ను ఆనుకొని, నల్లని కొండలకూ సముద్రానికీ నడుమ నెలవంకలా వంగిన ఒడ్డు మీద నిలిచిన చిన్న రేవుపట్నం మత్రా. గోదావరి జిల్లాల్లోనూ ఉత్తర తెలంగాణ పల్లెల్లోనూ మస్కట్ పేరు తరచుగా వినిపించినా, ఆ పేరుకు శతాబ్దాలుగా అన్నం పెట్టిన మత్రా సంగతి అక్కడికి వెళ్లివచ్చినవారికి తప్ప ఎక్కువమందికి తెలియదు. గద్దెలు, రాయబారాలు, సంధిపత్రాలు మస్కట్ చరిత్రకు ఆధారాలైతే, పడవలు, ఒంటెలు, మూటలు, కూలీలు, వ్యాపారుల చిట్టాలు మత్రా చరిత్రకు ఆధారాలు. అందువల్ల రాజుల పేర్లను వరుసగా చెప్పుకుంటూ పోతే ఈ ఊరి కథ అర్థం కాదు. ఓడలోని బరువు ఒడ్డుకు ఎలా చేరింది, ఒడ్డున దాన్ని ఎవరు అందుకున్నారు, అక్కడి నుంచి అది ఎటు వెళ్లింది అనే మూడు ప్రశ్నలను ప్రతి కాలంలోనూ అడిగి చూస్తే అర్థమవుతుంది.

ఊరి పేరులోనే ఈ విషయం ఇమిడి ఉంది. అరబ్బీలో మాటలు చాలావరకు మూడు హల్లులు గల ధాతువుల నుంచి పుడతాయి. త, ర, హ అనే హల్లుల ధాతువుకు వేయడం, పడవేయడం అనే అర్థాలు ఉండగా, దాని ముందు మకారం చేరితే ఆ పని జరిగే చోటు అనే అర్థం వస్తుంది. లంగరు వేసే చోటు కనుక మత్రా అయిందని చెప్పే వివరణకు మూలం ఇదే. అచ్చమైన తెలుగులో చెప్పాలంటే అది దించుకునే చోటు.

దించుకునే చోటు అక్కడే ఎందుకు ఏర్పడిందన్నదానికి సమాధానం కొండల్లో ఉంది. మస్కట్, మత్రాల వెనుక నిలిచిన కొండలు సాధారణమైన కొండలు కావు. సముద్రగర్భపు అడుగున, భూమి లోపలి పొరలో ఉండవలసిన శిల కోట్ల సంవత్సరాల క్రితం భూఫలకాల ఒత్తిడికి పైకి లేచి నేలమీద పరుచుకోవడం వల్ల ఏర్పడినవి. చెట్టూ చేమా లేని ఆ ముదురు రంగు రాళ్లు పగలంతా ఎండను పీల్చుకొని రాత్రంతా వేడిని వదులుతాయి. మస్కట్ రేవును ఈ కొండలు మూడు వైపులా గట్టిగా చుట్టుముట్టాయి కనుక శత్రువు రావడం ఎంత కష్టమో, బరువులు మోసే ఒంటెలు రావడం కూడా అంత కష్టమయింది. మత్రా వెనుక మాత్రం కొండల మధ్య సందు ఉంది. రూవీ లోయ మీదుగా ఆ సందు దేశపు లోపలి ప్రాంతాలకు దారితీస్తుంది. నిజ్వా వంటి పట్టణాల నుంచి ఖర్జూరం, ఎండు నిమ్మకాయలు మోసుకొచ్చిన ఒంటెల బిడారులు మత్రా దగ్గర ఆగి, తిరుగు ప్రయాణంలో బియ్యం, బట్టలు, కాఫీగింజలు ఎత్తుకునేవి. మస్కట్‌కూ మత్రాకూ మధ్య దూరం కొద్ది మైళ్లే అయినా, మోటారు బాట పడేవరకు ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోవాలంటే కొండ కనుమ ఎక్కి దిగాలి, లేదా పడవ ఎక్కాలి.

లిఖిత చరిత్రలో ఈ తీరం మీద పెద్ద వెలుగు పడింది పోర్చుగీసుల రాకతో. 1507లో అఫోన్సో ద అల్బుకర్క్ నాయకత్వంలో వచ్చిన నౌకాదళం మస్కట్‌ను కొట్టి తగులబెట్టి స్వాధీనం చేసుకుంది. గోవాకూ హోర్ముజ్‌కూ నడుమ తమ ఓడలు నీళ్లు నింపుకోవడానికీ, ఆ దారిలో పోయే ఇతరుల ఓడల దగ్గర సుంకం రాబట్టడానికీ పోర్చుగీసులకు ఈ రేవులు అవసరమయ్యాయి. 1552లో పీరీ రేయిస్, 1581లో అలీ బేగ్ అనే తుర్కీ నౌకాధిపతులు వచ్చి మస్కట్‌ను దోచిన తరువాత, కోటలు లేనిదే రేవులు దక్కవని గ్రహించి, మస్కట్‌లో జలాలీ, మీరానీ అనే రెండు కోటలను కట్టి బలపరిచారు. మత్రా రేవుకు ఎదురుగా సన్నని కొండకొమ్ము మీద గుండ్రని బురుజులతో నేటికీ కనిపించే కోట కూడా ఆ 16వ శతాబ్దపు భయం నుంచి పుట్టినదే. కొమ్ము వెడల్పు ఎంత ఉందో కోట వెడల్పు అంతే ఉండడం వల్ల అది కట్టినట్టు కాక, రాయిలోంచి మొలిచినట్టు కనిపిస్తుంది.

17వ శతాబ్దంలో ఒమన్ లోపలి తెగలు యారుబీ వంశపు ఇమాముల నాయకత్వంలో ఏకమయ్యాయి. ఇమాము అంటే అక్కడి ఇబాదీ మతశాఖ సంప్రదాయంలో పెద్దలు ఎన్నుకొనే మతాధిపతి, పాలకుడు కూడా. 1650లో ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్ సేనలు మస్కట్‌ను పట్టుకోవడంతో ఈ తీరంలో పోర్చుగీసుల పాలన ముగిసింది. ఈ విజయం గురించి ఒమనీ చరిత్రకారుడు ఇబ్న్ రుజైక్ నమోదు చేసిన ఒక కథనంలో నరోత్తం అనే హిందూ వర్తకుడు కనిపిస్తాడు. పోర్చుగీసు కోటకు సరుకులు అందించే ఆ వర్తకుడి కూతురిని కోట అధిపతి పెళ్లాడతానని పట్టుపట్టగా, పెళ్లి పనులకు గడువు అడిగిన నరోత్తం, ఆ గడువులోనే కోటలోని తిండిగింజలనూ మందుగుండునూ ఏదో నెపంతో ఖాళీ చేయించి ఇమాముకు కబురు పంపాడని ఆ కథనం చెబుతుంది. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పక్కన పెట్టినా, కోట తలుపుల కంటే గాదె తాళంచెవి ముఖ్యమనీ, ఆ తాళంచెవి భారతీయ వర్తకుడి చేతిలో ఉండేదనీ ఆ కాలపు జనం నమ్మారన్నది దీనివల్ల తెలుస్తుంది.

ఆ భారతీయ వర్తకుల్లో మస్కట్‌ను ఆశ్రయించినవారు ప్రధానంగా కచ్, సింధు ప్రాంతాల భాటియా హిందువులు. అరబ్బులు వీరిని బనియాలు అన్నారు. మత్రాలో మాత్రం అదే దిక్కు నుంచి వచ్చిన మరొక సమాజం వేళ్లూనింది. లవాతియా అని పిలిచే ఈ ముస్లిములు షియా శాఖకు చెందినవారు. సింధీకి దగ్గరి బంధువైన సొంత భాష మాట్లాడతారు. రేవు ఒడ్డునే ఎత్తయిన గోడ చుట్టిన పేట ఒకటి వీరిది. సూర్ అంటే ప్రాకారం కనుక దానికి సూర్ అల్ లవాతియా అని పేరు. సముద్రం వైపు చెక్క కిటికీలు, నగిషీ వసారాలు ఉన్న ఇళ్లు వరుసగా నిలిచి ఉంటాయి. వాటి నడుమ నీలి గుమ్మటపు మసీదు, దాని పక్కన ఒక ద్వారం ఉంటాయి. ద్వారం లోపలి సందులు ఎదురెదురుగా వచ్చిన ఇద్దరిలో ఒకరు పక్కకు ఒత్తిగిలాల్సినంత ఇరుకు. బయటివారు అనుమతి లేకుండా ఆ ద్వారం దాటకూడదన్నది తరతరాల ఆచారం. ఆశ్చర్యం ఏమిటంటే, ఇంటిని లోకానికి ఇంత మూసుకున్న ఈ సమాజమే దుకాణాన్ని లోకమంతటికీ తెరిచింది. మత్రా బజారులో బియ్యం, బట్టల వ్యాపారంలో పెద్ద భాగం వీరి చేతుల మీదుగా నడిచింది. వీరికి తోడు సముద్రానికి ఆవలి మక్రాన్ తీరం నుంచి బలూచీలు వచ్చి సైనికులుగా, పడవవారుగా, కూలీలుగా స్థిరపడ్డారు. ఆ తీరంలోని గ్వాదర్ రేవు 1958లో పాకిస్తాన్‌కు అమ్ముడుపోయేవరకు ఒమన్ సుల్తానులదే కావడం ఈ రాకపోకలకు వెసులుబాటు కలిగించింది.

ఇన్ని జాతులు కలిసే చోటు బజారు. అరబ్బీలో బజారును సూక్ అంటారు. మత్రా సూక్‌కు జనం పెట్టుకున్న పాత పేరు సూక్ అల్ జలామ్, అంటే చీకటి బజారు. పూర్వం మట్టి గోడల నడుమ ఖర్జూరపు మట్టల కప్పుల కింద దుకాణాలు ఎంత దగ్గరగా అమరి ఉండేవంటే, పట్టపగలు కూడా వెలుతురు నేలను తాకక దీపాలు పెట్టుకోవలసి వచ్చేది. వెలుతురుతో పాటు ఎండా రాదు కనుక ఆ చీకటి లోపం కాదు, సౌకర్యమే. సరుకుల్లో అన్నిటికన్నా ముందు పలకరించేది లుబాన్. దక్షిణాన ఉన్న జుఫార్ ప్రాంతంలో పెరిగే పొట్టి చెట్టు బెరడును గీస్తే పాలలా కారి, గాలికి గట్టిపడే జిగురు ఇది. తెలుగువారి సాంబ్రాణి వంటి ధూపద్రవ్యం. నిప్పు మీద వేసినప్పుడు నిమ్మతొక్క వాసనా మట్టివాసనా కలిసినట్టుండే దాని పొగను ఒమనీలు అతిథి ముందూ, ఉతికిన బట్టల కిందా పట్టిస్తారు. గింజ ఎంత తేటగా, పచ్చగా ఉంటే ధర అంత ఎక్కువ.

ఈ బజారు భాషను చెవి పెట్టి వింటే తెలుగు శ్రోతకు కొన్ని మాటలు పరిచయమైనవిగానే తగులుతాయి. బరువు మోసేవాడు హమ్మాల్, బేరం కుదిర్చేవాడు దల్లాల్, రేవు బందర్. తెలుగు నేల మీద హమాలీ, దళారి అనే మాటలుగానూ, మచిలీపట్నానికి వాడుక పేరైన బందరుగానూ స్థిరపడినవి ఇవే. వీటిలో మొదటి రెండూ అరబ్బీవి, మూడవది పారశీకం. పారశీక, ఉర్దూ భాషల మీదుగా తెలుగులోకి వచ్చాయి. కావ్యాలు రాజాస్థానాల ద్వారా ప్రయాణం చేస్తే, ఇటువంటి మాటలు సరుకుల మూటలతో ప్రయాణం చేశాయి. మూట ఎత్తేవాడి పేరూ, దింపే చోటు పేరూ రెండు తీరాల్లోనూ ఒకటే కావడం ఆ ప్రయాణానికి సాక్ష్యం.

18వ శతాబ్దం మధ్యలో అహ్మద్ బిన్ సయీద్‌తో మొదలైన ఆల్ బూ సయీద్ వంశం నేటికీ ఒమన్‌ను పాలిస్తున్నది. ఆ వంశంలో 1806 నుంచి 1856 వరకు ఏలిన సయీద్ బిన్ సుల్తాన్ కాలంలో ఈ రేవుల వ్యాపారం తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ వరకు విస్తరించింది. ఆయన 1833లో అమెరికాతో వాణిజ్య సంధి చేసుకొని, బొంబాయిలో తయారైన సుల్తానా అనే ఓడలో 1840లో ఖర్జూరం, కాఫీ, ఏనుగు దంతాలు, పారశీక తివాసీలు నింపి న్యూయార్క్‌కు పంపాడు. ఇదే వ్యాపారంలో మనుషుల క్రయవిక్రయం కూడా ఉందన్నది దాచదగిన సంగతి కాదు. తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన స్త్రీపురుషులు ఈ తీరం మీదుగానే చేతులు మారారు. బ్రిటిషువారి ఒత్తిడితో కుదిరిన ఒప్పందాల వరుస 1873లో ఆ వ్యాపారాన్ని నిషేధించేవరకు వచ్చింది. మత్రాలో ఆఫ్రికా ముఖాలూ, స్వాహిలీ మాటలూ కనిపించడానికి ఒక కారణం జాంజిబార్‌తో ఉన్న బంధుత్వం కాగా, మరొక కారణం ఈ చేదు చరిత్ర.

19వ శతాబ్దపు రెండవ సగంలో ఊరి అదృష్టం ఒక్కసారిగా తిరగబడింది. 1861లో జాంజిబార్, ఒమన్ వేరు రాజ్యాలుగా విడిపోవడంతో ఆఫ్రికా ఆదాయం పోయింది. 1862 నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగఓడలు బొంబాయి, కరాచీ, మస్కట్, పారశీక సింధుశాఖ రేవుల నడుమ క్రమంగా తిరగడంతో గాలిని నమ్ముకున్న తెరచాప నావల గిరాకీ పడిపోయింది. ఆ కష్టకాలంలో మత్రాకు ఊపిరి అందించినది ఖర్జూరం. 1866లో డబ్ల్యు.జె. టావెల్ అనే వ్యాపారి మస్కట్‌లో స్థాపించిన సంస్థ ఫర్ద్ అనే రకం ఖర్జూరాన్ని అమెరికాకు ఎగుమతి చేసింది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఆ సంస్థ ఒక లవాతియా కుటుంబం చేతికి వచ్చి నేటికీ నడుస్తున్నది. లోయల్లోని తోటల్లో కోసి, ఒంటె మీద మత్రా చేరి, పడవలో ఓడకు ఎక్కిన పండు అట్లాంటిక్ దాటి అమెరికా ఇళ్లకు చేరింది.

అమెరికాతో ఈ ఊరికి ఉన్న రెండవ బంధం వైద్యం. క్రైస్తవ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ షారన్ థామ్స్ 1909లో మత్రాలో వైద్యశాల ప్రారంభించాడు. అందుకు అద్దెకు తీసుకున్న ఇల్లు 19వ శతాబ్దం చివర ఒక వర్తకుడు కట్టించిన బైత్ అల్ బరందా. బైత్ అంటే ఇల్లు. బరందా అంటే తెలుగువారు రోజూ అనే వరండాయే. అరబ్బీలో వకారపు ఆ ధ్వని లేకపోవడం వల్ల అది బకారమయింది. 1913లో థామ్స్ టెలిఫోను తీగ కడుతూ స్తంభం మీంచి పడి మరణించాడు. ఆయన కుమారుడు వెల్స్ థామ్స్ 1939లో వైద్యుడిగా అదే ఊరికి వచ్చి 1970 వరకు మిషన్ ఆసుపత్రి నడిపాడు. ఆధునిక వైద్యం దాదాపు లేని ఆ రోజుల్లో రోగులు లోపలి ప్రాంతాల నుంచి ఒంటెల మీద, గాడిదల మీద వచ్చేవారు. బిడారుల దారే రోగుల దారి కూడా అయింది. ఆ పాత వరండా ఇల్లు నేడు మస్కట్ చరిత్రను చూపే ప్రదర్శనశాలగా ఉంది.

భారత ఉపఖండంతో బంధం సరుకుతోనే ఆగలేదు. 1915 జనవరిలో లోపలి ప్రాంతపు ఇమాము సేనలు తీరం మీదికి దండెత్తినప్పుడు, మత్రా వెనుక రూవీ లోయలోని బైత్ అల్ ఫలజ్ కోట దగ్గర వారిని ఆపినది బ్రిటిష్ ఇండియా సైన్యం. అందులో ఒకటైన 95వ రస్సెల్ పదాతి దళం పుట్టుక హైదరాబాదులోనిది. నిజాం రాజ్యంలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ పేరిట 1813లో ఏర్పడిన రస్సెల్ బ్రిగేడే దాని మూలం. నాణెంలోనూ ఆ బంధం ఉంది. మత్రా బజారులో మరియా థెరిసా వెండి నాణెంతో పాటు భారత రూపాయి చెల్లేది. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమే ప్రత్యేక రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించిన తరువాత అప్పటికీ దాన్ని వాడుతున్న తక్కిన ప్రాంతాలు వదిలినా, ఒమన్ 1970 వరకు వాడింది. ఆ తరువాత వచ్చిన రియాలుకు వెయ్యి బైసాలు. వరండా బరందా అయినట్టే పైసా బైసా అయి ఒమన్ నాణెం మీద నిలిచిపోయింది.

1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దె ఎక్కేనాటికి ఒమన్‌లో ఉన్న ఆధునిక పాఠశాలలు మూడే. వాటిలో ఒకటి మత్రాలో 1959లో తెరిచినది. తారురోడ్డు కొద్ది కిలోమీటర్లకు మించి లేదు. మస్కట్ నగర ప్రాకారపు తలుపులు రాత్రి మూసేసేవారు. ఆ తరువాత వీధిలో నడిచేవాడి చేతిలో లాంతరు ఉండి తీరాలన్నది నియమం. 1967 నుంచి ఎగుమతి అవుతున్న చమురు డబ్బు ఆ తరువాతి దశాబ్దంలో ఊరి రూపాన్ని మార్చివేసింది. అంతవరకు పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, చిన్న పడవలు వెళ్లి సరుకు తెచ్చేవి. 1974లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ రేవు మత్రా అఖాతంలోనే లోతైన గోదీలతో తయారవడంతో ఓడ నేరుగా ఒడ్డుకు ఒరుసుకొని నిలిచింది. పడవవాడి పని, మోసేవాడి పని క్రేనుకు పోయాయి. సముద్రాన్ని పూడ్చి ఒడ్డు వెంట కార్నీష్ అనే విశాలమైన బాట వేశారు. అలలు గోడను తాకిన సూర్ అల్ లవాతియా ఇళ్లకూ నీటికీ నడుమ ఇప్పుడు కార్లు తిరుగుతాయి. గోడ లోపలి కుటుంబాలు చాలావరకు కొత్త పేటల్లోని విశాలమైన ఇళ్లకు తరలిపోయినా, మసీదుకూ పండుగలకూ పాత ద్వారానికే తిరిగి వస్తాయి.

తెలుగువారు ఈ చరిత్రలోకి అడుగుపెట్టినది ప్రధానంగా ఈ దశలోనే. రోడ్లు, ఆసుపత్రులు, ఇళ్లు కట్టడానికీ, ఆ ఇళ్లలో వంటకూ పిల్లల పెంపకానికీ మనుషులు అవసరమైనప్పుడు గోదావరి జిల్లాల స్త్రీలు, ఉత్తర తెలంగాణ పురుషులు, నగరాల నర్సులు, ఇంజనీర్లు విమానం దిగి మస్కట్ చేరారు. వారిలో ఎందరో నివసించే రూవీ, కృష్ణ మందిరం ఉన్న దార్సైట్ పాలనాపరంగా మత్రా విలాయత్‌లోనివే. విలాయత్ అంటే తెలుగు ప్రాంతాల్లో ఒకప్పటి తాలూకా వంటి విభాగం. మస్కట్ వెళ్లామని ఇంటికి ఉత్తరం రాసినవారు నిజానికి మత్రాలోనే బతికారన్నమాట. అంతకుముందు రేవు సరుకు బరువును దించుకుంటే, ఈ తరంలో మనుషులే అప్పుల బరువుతో వచ్చి, దాన్ని కొద్దికొద్దిగా దించుకున్నారు. దించుకోలేక తిరిగి వచ్చినవారూ ఉన్నారు.

2014లో వాణిజ్య ఓడల పని ఉత్తరాన ఉన్న సొహార్ రేవుకు తరలిపోగా, మత్రా అఖాతం విహారనౌకలకు కేటాయింపు అయింది. రేవుల చరిత్రలో ఇది కొత్త సంగతి కాదు. గోల్కొండ కాలంలో కలంకారీ వస్త్రాలను పారశీక తీరానికి పంపిన బందరు కూడా ఓడలను దూరాన నిలిపి పడవల మీద సరుకు దింపుకున్న రేవే. 1864 నవంబరు తుపానులో వేలమందిని పోగొట్టుకున్న ఆ పట్నం, ఓడలు పెద్దవయ్యేకొద్దీ వెనుకబడి, 1933లో విశాఖపట్నం రేవు తెరుచుకున్న తరువాత మరింత చిన్నబోయింది. లోతు ఎక్కువ ఉన్నచోటికి ఓడ పోతుంది, ఓడ పోయినచోటికి సరుకు పోతుంది. ఈ సూత్రానికి ఏ రేవూ మినహాయింపు కాదు. అయితే బందరు సముద్రపు వర్తకాన్ని పోగొట్టుకున్నప్పుడు దాని బజారు కూడా పలచబడగా, మత్రాలో రేవు పోయినా బజారు నిలిచింది. నాలుగు శతాబ్దాలుగా అక్కడ పోగుపడినది సరుకు మాత్రమే కాదు, సరుకును బేరమాడే మనుషులు కూడా కావడం దీనికి కారణం. ఖర్జూరపు మట్టల కప్పు పోయి చెక్క కప్పు వచ్చినా, దీపాలు విద్యుత్తుతో వెలిగినా, సూక్‌లో నేటికీ అరబ్బీ, బలూచీ, లవాతీ, హిందీ ఒకే బేరంలో కలుస్తాయి.

సెలవుకు ఇంటికి బయలుదేరే తెలుగువారు ఆ సూక్‌లో కొనేవాటిలో చిన్న లుబాన్ పొట్లం ఒకటి ఉంటుంది. జుఫార్ చెట్టు నుంచి కారి, మత్రా దుకాణంలో తూకానికి ఎక్కి, శనివారం సాయంత్రం గోదావరి ఒడ్డున ఏదో ఇంట్లో నిప్పుల మీద పడే ఆ గింజ, ఒమన్ నుంచి తెలుగు నేలకు పడిన దారిలో ప్రయాణించే బరువుల్లో అన్నిటికన్నా తేలికైనది. ఆ దారి పొడవునా అది దిగి మళ్లీ లేచిన చోటు మత్రా.